గోనెపరదా వెనక చెయ్యి

మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే ఆగి, ఇంట్లో మగవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. లిఫ్టు పాడైతే మెట్లమీదుగా మోసుకొచ్చి ఆయాసపడుతున్నాడు పాపం. మగవాళ్లు లేరు గానీ నేనున్నాను కదా అని, పక్కకు జరగమని, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా పెట్టి, సిలిండర్ను ఒంటికి ఆనించుకుని లేచాను. వంటింట్లో చప్పుడు కాకుండా దించేశాను. అరవై దాటిన మనిషి ఇలా చేస్తుందని అతను అనుకోలేదు. ఎక్కడ నేర్చుకున్నావు అమ్మమ్మా అన్నాడు. బోధన్‌లో, కట్టెల డిపోలో అన్నాను. అతనికేం అర్థమవుతుంది? వివరంగా చెబుదామంటే అతనికి తీరికా లేదు. నాకైతే ఆ రోజంతా ఆ డిపో నడిపిన ఆపాయే గుర్తొచ్చింది, ఉర్దూలో ఆపా అంటే అక్క. పొయ్యిమీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు.

నేను ఆపాను చూడకముందు ఆమె చేతిని చూశాను. బోధన్‌లో మగవాళ్లు ఆమెను చూసింది కూడా అంతవరకే. రైల్వే స్టేషన్ నుంచి వచ్చే రోడ్డు మీద ఒక సందు తిరిగితే ఆ డిపో. ముందు వసారాలో దూలానికి పెద్ద కాంటా వేలాడేది. కాంటా పక్కనే మగవాడి తల ఎత్తున తీగ కట్టి, దానికి గోనెసంచులు కుట్టి పరదా వేశారు. పరదాకు ఇవతల బల్లమీద ఆమె అన్న కూర్చునేవాడు. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. వచ్చినవాళ్లతో మాట్లాడడమే ఆయన పని. ఎన్ని కట్టెలు కావాలో ఆయన లోపలికి వినిపించేలా చెప్పగానే పరదా అంచు కదిలేది. మణికట్టు దాకా నల్ల కుర్తా చెయ్యి ఒకటి బయటికొచ్చి, ఇరవై కిలోల ఇనుపరాయిని కాంటా పళ్లెంలో పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఇనుపవే అయినా మా దగ్గర తూకపురాళ్లనే అనేవాళ్లు. అంత బరువు పెట్టినా పళ్లెం ఖంగుమనేది కాదు. అదే వింత. ఆ చెయ్యి చూడడానికే, ఇంట్లో కట్టెలుండగా మళ్లీ కొన్న మహానుభావులున్నారని మా బాపు చెప్పి నవ్వేవాడు. బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఊళ్లో ముచ్చట్లన్నీ షిఫ్టు దిగేసరికి ఆయనతోపాటు ఇంటికొచ్చేవి.

నేనప్పుడు మెట్రిక్ పాసై ఇంట్లో ఉన్నాను. ఉన్నానంటే ఉన్నాను, అంతే. టైఫాయిడ్ వచ్చి లేచిన ఏడు అది. సగం బిందె నీళ్లు లేపితే కళ్లు తిరిగేవి. పెళ్లిచూపులకొచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టి చూసి, పిల్లకు కొంచెం ఒళ్లు పట్టాక మళ్లీ వస్తామని చెప్పి వెళ్లింది. మళ్లీ రాలేదు. మా అవ్వ, అంటే అమ్మ, నన్ను కట్టెలు చెప్పి రమ్మని పంపితే, అంత దూరం నడిచినందుకే డిపో ముందు కూలబడ్డాను. లోపలినుంచి, ఆ పొల్లను ఇటు పంపమని గొంతు వినిపించింది.

ఆ చెయ్యిని బట్టి నేను ఎంతో పొడగరిని ఊహించుకున్నాను. తీరా చూస్తే నా భుజానికి వచ్చే మనిషి. గుండ్రటి ముఖం, తాంబూలంతో ఎర్రబడ్డ పెదాలు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. నవ్వితే గొంతు బయటికి రాదు, పొట్ట మాత్రం కదులుతుంది. కట్టె పచ్చిదో ఎండుదో చూసినట్టు నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"ఏందే బిడ్డా, గిట్ల ఎండుకట్టె లెక్క అయినవ్?" అంది.

నేను ఏడవబోయాను. ఆమె ఏడవనివ్వలేదు. రేకుల కొట్టంలోకి తీసుకెళ్లి, రెండు చేతుల్లో కిలోకు కాస్త తక్కువ తూగే పాత సేరు రాళ్లు చెరొకటి పెట్టి, మోచేతులు పక్కలకు ఆనించి పైకి తెమ్మంది. తెచ్చాను. మెల్లగా దించమంది. దించాను. ఇక చాలు ఇంటికి పొమ్మంది. ఇంతేనా అన్నాను. ఇంతేనా అనిపించినప్పుడే ఆపాలంది, అట్లయితే రేపు వస్తావంది. నిజంగానే మర్నాడు పిలవకుండానే వెళ్లాను.

కొట్టంలో ఆ రాళ్లెందుకున్నాయో ఆపా ఒక్కసారిగా చెప్పలేదు. కట్టెలు సర్దుకుంటూ, తాంబూలం నములుకుంటూ, ఒక్కో రోజు ఒక్కో ముక్క. ఆమె భర్త హఠాత్తుగా పోయాడు. పిల్లల్లేరు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు అందరూ కూడినచోట మరిది గట్టిగానే అన్నాడట, తూకపురాయి లేపలేని ఆడది కాంటా ఎట్ల నడుపుతదని, డిపో తనకే అప్పగిస్తే మంచిదని. ఆపా లోపలినుంచి విన్నది. చుట్టాలు వెళ్లాక కొట్టంలోకి పోయి పదిసేర్ల రాయిని పట్టి లాగింది. అది నేలను వదల్లేదు.

"మస్తు ఏడ్చిన. ఏడ్చినంక సేరు రాయి దిక్కు చూసిన. గిదన్న లేస్తదా అని పట్టిన. లేసింది," అంది ఆపా.

అంతే మొదలు. సేరు నుంచి రెండు సేర్లు, అక్కణ్నుంచి పన్సేరి, అంటే అయిదు సేర్ల రాయి, ఆ తర్వాత పది. ఇరవై సేర్లది ఒంటిచేత్తో పరదా బయట పెట్టిన రోజు మరిది ఎదురుగా నిలబడి ఉన్నాడట. ఆయన ముఖం ఎలా మారిందో ఆపా చూడలేకపోయింది, మధ్యలో పరదా ఉంది కదా. ఆ ఒక్కదానికి మాత్రం ఆమెకు చివరిదాకా బాధే. అయితే డిపో లైసెన్సు ఇంకా చనిపోయిన భర్త పేరునే సాగుతోంది. ఏదైనా తప్పు దొరికి అది రద్దయితే, తన పేరున రాయించుకోవడానికి మరిది కాచుకుని ఉన్నాడని సందులో అందరికీ తెలుసు. ఆ డిపో పోతే ఆపా అన్నతోపాటు ఏ చుట్టాల ఇంటి మూలనో పడి ఉండాల్సిందే.

అంతలో కిలోలొచ్చాయి. ఇక సేర్ల రాళ్లతో తూకం వేయకూడదని సర్కారు ఆర్డరు. బజారులో అందరూ పాతరాళ్లను పాత ఇనుము కింద అమ్మేశారు. ఆపాకు ప్రాణం ఒప్పలేదు. "కాంటాకు పనికిరాకుంటె కండకు పనికొస్తయి" అని వాటిని వెనక కొట్టంలోకి చేర్చింది. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి, ఆముదం రాసి, గుడ్డతో తుడిచి వరసగా పెట్టేది. పెళ్లిలో ఇత్తడి సామాను కూడా అంత మెరవదు.

ఆమె దగ్గర కసరత్తు నేర్చుకోవడమంటే ముందు రాయి దించడం నేర్చుకోవడం. ఎత్తడం మొండితనంతో కూడా వస్తుంది, దించడానికే బలం కావాలనేది. రాయి నేలకు తగిలి చప్పుడైతే ఆ రోజుకు కసరత్తు బందు. నడుముతో వంగితే చీపురుపుల్లతో వీపుమీద ఒక్కటి తగిలేది. మోకాళ్లు వంచు, రాయిని ఒంటికి దగ్గరగా తెచ్చుకో, దూరంగా పట్టుకుంటే అది నిన్ను పట్టుకుంటుందనేది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టి ముఖం ఎర్రగా చేసుకుంటే ఆమెకు నచ్చేది కాదు. ఒకరోజు ఎత్తితే ఒకరోజు ఒంటికి సెలవు. నానబెట్టిన శనగలు, పల్లీలు, బెల్లం, జొన్నరొట్టె. టానిక్కు సీసా తెస్తే మూత వాసన చూసి వెనక్కి ఇచ్చేసింది.

లెక్క మాత్రం పెట్టేది కాదు. ఇక్కడే ఆపా అసలు మనిషి బయటపడుతుంది. ఎన్నిసార్లు ఎత్తాలని అడిగితే, నీకు ఎంతమంది మీద కోపముంది అని అడిగేది. ఎవరిమీద కోపముంటే వాళ్ల పేరు చెప్పి ఒక్కోసారి ఎత్తాలి. ఇది మరిదికి, ఇది మరిది పెళ్లానికి, ఇది పచ్చికట్టెలు దించిపోయిన బండివాడికి, ఇలా సాగేది ఆమె కసరత్తు. నాకు మొదట్లో పెళ్లిచూపుల ఆవిడ ఒక్కతే దొరికింది. వెతగ్గా వెతగ్గా మేనత్త దొరికింది, టైఫాయిడ్లో నాకు గుండు గీయించమన్న పెదనాన్న దొరికాడు. బలం పెరుగుతున్నకొద్దీ శత్రువుల కొరత వచ్చిపడింది.

మా పక్కింటి ఫిట్టర్ భార్యకు ఆ కొరత లేదు. ఆమె నా వెంట వచ్చి చేరింది. అత్తమీద ఆమెకున్న కోపానికి సేరు రాళ్లు చాలలేదు. ఆపా అటు తిరగ్గానే పదిసేర్ల రాయిని నడుముతో లాగింది. నడుము పట్టేసింది. కదలకుండా మంచంమీద పడుకుంటే అత్తే వండి, అత్తే వడ్డించి, అత్తే కాపడం పెట్టింది. నేను చూడబోతే మంచంమీద హాయిగా నవ్వుతోంది, అనుకున్నదానికన్నా ఎక్కువే అయిందట. ఆపా మాత్రం నవ్వలేదు. ఆమె లేచి వచ్చాక మళ్లీ సేరు రాళ్లే చేతికిచ్చి, అత్త పేరు ఇక తేవద్దని ఆంక్ష పెట్టింది.

చలికాలం వచ్చేసరికి నాకొక అద్భుతం జరిగింది. అద్భుతమనే రాస్తాను, ఎవరు నవ్వినా సరే. నల్లా దగ్గర నిండు బిందె, గొంతుదాకా నిండిన ఇత్తడి బిందె, వంగి పట్టుకుని లేచాను. లేచింది. చంకలోకి వచ్చింది. కళ్లు తిరగలేదు. ఇంటిదాకా నడిచాననడం కూడా తప్పే, ఊరేగాను. కావాలనే పెద్దసందు తిరిగి వెళ్లాను. చెరకు బండ్లు వరసకట్టి ఫ్యాక్టరీవైపు పోతున్నాయి, ఆ బండ్లవాళ్లు కూడా నన్ను చూడాలనిపించింది. అవ్వ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి పోయి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ రాత్రి మంచంమీద నా చేతిని నేనే నొక్కి చూసుకుని మురిసిపోయాను. గట్టిగా ఒకటి తగిలింది. అది నాదే.

ఆపాతో చెబితే సంతోషపడింది గానీ పెద్దసందు సంగతి విని మూతి తిప్పింది. "బలం చూపెట్టుకునెటందుకు కాదే. ఎవలన్న అడ్డమొస్తె పక్కకు జరిపెటందుకు," అంది.

అడ్డం రానే వచ్చింది. ఫ్యాక్టరీలో చెరకు గానుగాట జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక ఉదయం, నిజామాబాద్ నుంచి తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరు చెప్పి పంపారో మాకు తెలియదు. ఆయన రావడం, మరిది సైకిలుమీద సందు మొదట్లో కాలు ఆనించి నిలబడడం మాత్రం ఒకేసారి జరిగాయి. ఇన్‌స్పెక్టరు కుర్రవాడే, మర్యాద తెలిసినవాడే. కాంటా చూశాడు, కొత్త కిలోరాళ్లు చూశాడు, బాగున్నాయన్నాడు. వెళ్లబోతూ కొట్టంలోకి తొంగిచూశాడు. వరసగా సేర్ల రాళ్లు, తళతళా మెరుస్తూ.

ఆ మెరుపే మా కొంప ముంచింది. వాడకుండా పడేసిన ఇనుమైతే తుప్పు పట్టాలి కదా అన్నాడాయన. ఒక్క మచ్చ లేదంటే రోజూ వాడుతున్నట్టే, పాతరాళ్లతో తూచి జనానికి కట్టెలమ్ముతున్నట్టే అన్నాడు. ఇలాగైతే డిపో లైసెన్సు నిలవదన్నాడు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. రోజూ చేతులు తగలబట్టే అవి అలా ఉన్నాయి. ఆపా అన్న లేచి నిలబడి, సాబ్, అవి తూకానికి కావు, మా చెల్లె కస్రత్ చేస్తదన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ మాట వినీ విననట్టు చేతిలో కాగితాలు తెరిచాడు. తూకానికి కాదని చెప్పడానికి బజారులో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పి ఉంటారు పాపం, ఇలాంటిది మాత్రం ఆయన ఎక్కడా విని ఉండడు.

పరదా వెనక తన పక్కనే ఉన్న నన్ను ఆపా బయటికిపోయి చేసి చూపెట్టమంది. కొంగు నడుముకు బిగించి, పరాయి మగవాడి ఎదుట పన్సేరిలు రెండూ అందుకున్నాను. భుజాలదాకా తెచ్చాను, తలమీదికి ఎత్తాను. ఎత్తుతూ, అలవాటు చొప్పున, "ఇది మా మేనత్తకు" అనేశాను. మళ్లీ ఎత్తి, "ఇది మా పెదనాన్నకు" అన్నాను. ఇన్‌స్పెక్టరు ఏమిటమ్మా అది అన్నాడు. ఉన్న సంగతి చెప్పాను. ఆయన కాగితాలు మూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత పదిసేర్ల రాయి రెండు చేతులతో ఎత్తాను, మెల్లగా దించాను. చప్పుడు రానివ్వలేదు.

ఆయన మెత్తబడ్డాడు గానీ పూర్తిగా కాదు. కొట్టం మూలనున్న ఇరవై సేర్ల రాయిని చూపించి, దీన్ని కూడా ఆడవాళ్లే ఎత్తుతారా అన్నాడు. నేను అబద్ధం ఆడలేకపోయాను. నావల్ల కాదు, ఆపా ఎత్తుతుందన్నాను. అయితే ఆమెను రమ్మన్నాడు. మగవాళ్ల ముందుకు రాదని అన్న చెప్పాడు. సందు మొదట్లో మరిది సైకిలు దిగి ఇటు నడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు పరదా కింది నుంచి ఆ చెయ్యి వచ్చింది. రాయిని ఇటు జరుపు అన్నట్టు వేళ్లు ఆడించింది. నేను దాన్ని కొట్టంలోంచి పరదా దాకా దొర్లించాను. చెయ్యి రాయి మీది ఇనుపకడియం పట్టుకుని లోపలికి తీసుకుంది. గోనెపరదా ఒకసారి ఊగింది. తీగ మీదుగా ముందు ఇనుము కనిపించింది, దాని కింద పిడికిలి, దాని కింద నల్ల కుర్తా మణికట్టు. నిటారుగా పైకి లేచి, ఆగి, మెల్లగా దిగింది. మళ్లీ లేచింది. వసారాలో కట్టెలు కొనడానికొచ్చినవాళ్లు మెడలెత్తి చూస్తున్నారు. ఈసారి ఎవరి పేరూ వినిపించలేదు, ఊపిరి మాత్రమే వినిపించింది. నాకు గట్టిగా అరవాలనిపించింది, చప్పట్లు కొట్టాలనిపించింది, రెండూ చేయకుండా నా కొంగు నేనే నలిపేసుకున్నాను. రాయి దిగిపోయినా ఇన్‌స్పెక్టరు ఆ తీగవైపే చూస్తూ ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన దారి సులువైనదే. ఆ రాళ్లు కాంటామీద కూర్చోకుండా చేయాలి. రెండేసి రాళ్ల మధ్య ఇనుపకడ్డీ పెట్టి అతికించేస్తే ఇక అవి తూకపురాళ్లు కావు, కసరత్తు సామాను, తనకు అభ్యంతరం లేదన్నాడు. కసరత్తుకని అప్పటికే వచ్చి ఉన్న ఫిట్టర్ భార్య, తన ఇంటాయన సాయంత్రానికల్లా అతికిస్తాడని అక్కడికక్కడే మాటిచ్చేసింది. మా ఊరికి డంబెల్స్ అలా వచ్చాయి. ఒక్క పని మిగిలిందని ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. లైసెన్సులో ఉన్న మనిషి చనిపోయాడు కాబట్టి, ఈ డిపో ఎవరు నడుపుతున్నారో, ఆ రాళ్లు ఎవరివో పేరు రాసుకోవాలన్నాడు.

మరిది అప్పటికి కాంటా దగ్గరికి వచ్చేశాడు. "మా అన్న డిపో సాబ్. నా పేరు రాసుకోండ్రి," అన్నాడు.

ఆపా అన్న నోరు తెరిచి మూశాడు. వాళ్లలో ఇంటి ఆడవాళ్ల పేరు పరాయి మగవాడి ఎదుట పలకరు. ఫలానావారి ఇంటామె అనాలి, ఫలానావారి చెల్లె అనాలి. ఆయన పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వీధిలో చెల్లెలి పేరు ఎత్తి ఎరగడు. ఇన్‌స్పెక్టరు కలం కాగితంమీద ఆనింది. నేను చెబుదామంటే నాకూ తెలియదు. అన్నాళ్లుగా ఆపా అనే పిలిచాను, పేరు ఏమిటని అడగాలని తట్టలేదు.

పరదా వెనకనుంచి ఆపా గొంతు వచ్చింది. గట్టిగా లేదు, గాబరాగా లేదు. తన పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది, ఊరు బోధన్ అని చెప్పింది.

"డిపో నాది. రాళ్లు నాయి. నడిపేది నేను. గదే రాయండ్రి," అంది.

ఆయన రాసుకున్నాడు. వసారాలో ఉన్నవాళ్లెవరూ తల ఎత్తలేదు, వినకూడనిది విన్నట్టు కాళ్లవైపు చూసుకున్నారు. మరిది ఒకసారి పరదావైపు, ఒకసారి కాగితంవైపు చూసి వెనక్కి నడిచాడు.

అందరూ వెళ్లాక లోపలికి పోయాను. ఆపా కట్టెల మొద్దుమీద కూర్చుని ఉంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇరవై సేర్ల రాయి ఆమె పాదాల దగ్గర ఉంది. నేను ఎగిరి గంతేసేలా ఉన్నాను, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"రాయి లేపుడు అల్కగనే ఉండె బిడ్డా," అంది. "పేరు చెప్పంగనే కాళ్లు వణికినయ్. చూడు, ఇంకా ఆగలె."

నేను కింద కూర్చుని, ఆ వణుకు ఆగేదాకా ఆమె మోకాళ్లు రెండూ గట్టిగా పట్టుకున్నాను. ఆమె పేరు నాకు ఆ రోజే తెలిసింది, ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ మాత్రం రాయను. దాన్ని ఎవరి ఎదుట పలకాలో ఆమే నిర్ణయించుకుంది.